మేలో గుంటూరులో షాంపేన్: ఎలా తాగాలి, ఏం చూడాలి?

కొరిటెపాడు కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, మిర్చి కమీషన్ వ్యాపారం. మా బావమరిది ఫ్రాన్స్‌లో టులూజ్‌లో ఉద్యోగం చేస్తాడు. సెలవులకు వస్తూ డ్యూటీ ఫ్రీలో రెండు సీసాలు కొనుక్కొచ్చాడు. ఒకటి షాంపేన్, దాని మీద బ్రూట్ అని రాసుంది. రెండోది బోర్డో రెడ్, అంటే ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్. మా మామగారి షష్టిపూర్తి అయిపోయింది, గుడికెళ్ళడం, భోజనాలు అన్నీ పద్ధతిగా జరిగాయి. వచ్చే ఆదివారం రాత్రి మాత్రం ఇంట్లో మగాళ్ళం, మా ఆవిడ, మరదలు కూర్చుని ఈ రెండూ తెరుద్దామని ప్లాన్.

గొడవేంటంటే, వీటి గురించి మాకెవరికీ ఏమీ తెలీదు. బావమరిదికి తెలుసంటాడు గానీ గ్లాసు తిప్పడం తప్ప ఇంకేం చెప్పడు. నేను హైదరాబాద్‌లో ఒక రిసెప్షన్‌లో షాంపేన్ తాగాను, కేకు తిన్నాక ఇచ్చారు, పుల్ల సోడాలా ఉంది. రెడ్ సీసా వెనకాల చూస్తే బ్లాక్ కరెంట్, దేవదారు చెక్క, పొగాకు అని రాశాడు. ద్రాక్షరసంలో పొగాకు ఎవడు కలిపాడు? బయట 43 డిగ్రీలు. ఎంత చల్లగా పెట్టాలి, ఏ గ్లాసులు, ఏం తినాలి? మెనూ ప్రస్తుతానికి నాటుకోడి వేపుడు, గోంగూర మటన్, చివర్లో పూతరేకులు. నిజంగా ఈ రుచి తెలుసుకోవడం నేర్చుకుంటే వచ్చేదేనా, లేక డబ్బున్నవాళ్ళ డాబా?

బందరు రోడ్డు

డాబే బ్రదర్. 2001లో బోర్డోలోనే వైన్ చదువుకునే 54 మంది విద్యార్థుల మీద ఒక ప్రయోగం అచ్చయింది. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. దాన్ని వాసన చూసి ఎక్కువగా రెడ్ వైన్‌కి వాడే మాటలే రాశారు. చదువుకున్నవాళ్ళ సంగతే అది. నువ్వూ నేనూ ఎంత? ఆ రెండు సీసాలూ ఎవరికైనా గిఫ్ట్ ఇచ్చేసి ఆ ఆదివారం రొయ్యలు తెచ్చుకోండి.

పటమట స్టీవార్డు

తమ్ముడూ, గిఫ్ట్ ఇవ్వాలనుకుంటే మా ఇల్లు పటమటలోనే.

రిటైరయ్యేదాకా క్రూయిజ్ షిప్పుల్లో వైన్ స్టీవార్డుగా చేశాను. డైనింగ్ హాల్లో సీసా తెరవడం, పొయ్యడం, ఏ టేబుల్‌కి ఏది నప్పుతుందో చెప్పడం నా పని. మన ఊళ్ళలో వైన్‌కి ఉన్న అసలు శత్రువులు ఇద్దరే, ఎండా కారమూ. ఆ రెండిటినీ కాస్త పక్కన కూర్చోబెడితే మిగతాది వాసన చూసే ఓపిక మీద ఉంటుంది.

ముందు బందరు రోడ్డు గారికి. మీరు చెప్పిన ప్రయోగం నిజమే, నేనూ చదివాను. కన్ను ముక్కుని మోసం చేస్తుందని అది తేల్చింది. ముక్కుకి ఏమీ తెలీదని తేల్చలేదు. అందుకే పనిలో ఉన్నవాళ్ళు సీసాకి గుడ్డ చుట్టి పోస్తారు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి అలాగే పేర్లు దాచి ఫ్రెంచి జడ్జీల ముందు పెట్టాడు. రెడ్‌లోనూ వైట్‌లోనూ కాలిఫోర్నియా వైన్లు మొదటి స్థానం కొట్టేశాయి. లేబుల్ కనబడి ఉంటే ఆ జడ్జీలు చచ్చినా అలా మార్కులు వేసేవాళ్ళు కాదు.

ఇక కుర్రాడి సంగతి. నీకు రిసెప్షన్‌లో పుల్లగా ఎందుకు అనిపించిందో నువ్వే రాశావు, కేకు తిన్నాక తాగావు. బ్రూట్ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర. నోట్లో తీపి ఉండగా అది తాగితే పులుపు తప్ప ఇంకేం తెలీదు. లేబుల్ మీద ఎక్స్‌ట్రా డ్రై అని ఉంటే ఇంకా తక్కువ తీపి అనుకుంటారు గానీ దాంట్లో 12 నుంచి 17 గ్రాములుంటుంది. డెమీ సెక్ అయితే 32 నుంచి 50. పూతరేకుల పక్కన పెట్టాల్సింది ఆ డెమీ సెక్. మీ దగ్గరున్నది బ్రూట్ కాబట్టి షాంపేన్ భోజనానికి ముందే అవగొట్టెయ్యండి, పూతరేకులు వచ్చేసరికి గ్లాసులు టేబుల్ మీద ఉండకూడదు.

చల్లదనం. షాంపేన్‌కి 8 నుంచి 10 డిగ్రీలు. పొద్దున్నే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టేస్తే చాలు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, మర్చిపోతే గడ్డకట్టి పగులుతుంది. అర్జంటైతే స్టీలు బకెట్లో సగం ఐసు, సగం నీళ్ళు పోసి మెడ దాకా ముంచు, అరగంటలో దిగుతుంది. ఉత్త ఐసు ముక్కల్లో పెడితే సందుల్లో గాలి ఉండి ఆలస్యమవుతుంది. రెడ్‌ని గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలని అందరూ చెబుతారు. అది యూరప్‌లో రాతి ఇళ్ళ మాట, 16 నుంచి 18 డిగ్రీలు. మేలో మన హాల్లో ఏసీ వేసినా అంత రాదు. రెడ్ వేడెక్కిందంటే ముందు స్పిరిట్ ఘాటు ముక్కుకి కొడుతుంది, పండు వాసన వెనక్కి పోతుంది. కాబట్టి రెడ్‌ని కూడా ఓ గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టి తియ్యి. ఎవరైనా నవ్వితే నా పేరు చెప్పు.

షాంపేన్ తెరవడం జాగ్రత్తగా చదువు, ఆసుపత్రి పాలయ్యేది ఇక్కడే. లోపల 5, 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది, కారు టైరులో గాలికి రెండు రెట్ల పైమాటే. రేకు చించాక కార్కుకి బిగించిన తీగ బుట్ట కనబడుతుంది. దాని చెవిని ఆరు అరచుట్లు తిప్పితే వదులవుతుంది. ఆ క్షణం నుంచి ఎడమచేతి బొటనవేలు కార్కు మీద నుంచి తియ్యకు, తీగని కూడా తియ్యక్కర్లేదు, కార్కుతో కలిపి గుడ్డతో పట్టుకో. సీసాని ఏటవాలుగా పెట్టి, మూతి ఎవరి మొహం వైపూ, ఫ్యాన్ వైపూ లేకుండా చూసుకో. ఇప్పుడు కార్కుని కదలనివ్వకుండా పట్టుకుని కుడిచేత్తో సీసా అడుగు పట్టి నెమ్మదిగా తిప్పు. కార్కు తనంతట తనే పైకి తోసుకొస్తుంది. నువ్వు దాన్ని లాగకుండా వెనక్కి నొక్కుతూ ఉండాలి. ఉస్సుమని గాలి పోవాలి, అంతే. టపాకాయలా పేలిందంటే సగం గ్యాసూ నాలుగో వంతు సరుకూ నేలపాలు. ఊపి జనం మీద జల్లడం కారు రేసుల వాళ్ళ వేషం. 1967లో లె మాన్స్ రేసు గెలిచినప్పుడు డాన్ గర్నీ మొదలుపెట్టాడు. ఆయనకు సీసా ఫ్రీ.

గ్లాసులు. పొడుగ్గా సన్నగా ఉండే ఫ్లూట్ల కోసం వెతకొద్దు. వాటిలో ముక్కు పట్టదు. కింద కాస్త పొట్ట, పైన సన్నబడే గాజు గ్లాసు ఏదైనా సరే, మూడో వంతు మించి పొయ్యకు. సబ్బు వాసన పోయేదాకా వేడినీళ్ళతో కడిగి పొడి నూలుగుడ్డతో తుడువు. గుడ్డ ఎందుకంటే, రీమ్స్ యూనివర్సిటీలో జెరార్ లిజే-బెలెయిర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఈ బుడగల మీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు. గాజు మీద అంటుకున్న సన్నటి నూలు పోగుల్లో చిక్కుకున్న గాలి దగ్గర బుడగ పుడుతుందని ఆయన చూపించాడు. గ్లాసు మరీ తళతళలాడేలా తోమితే బుడగలు సరిగ్గా లేవవు. ఒక్కో చోటు నుంచి దండలా లేచే ఆ వరస చూశావంటే అక్కడో పోగు ఉన్నట్టే.

ఇప్పుడు వాసన. షాంపేన్‌ని గిరగిరా తిప్పకు, గ్యాసు పోతుంది. ఊరికే ముక్కు దగ్గర పెట్టి చిన్నగా రెండుసార్లు పీల్చు. ముందు నిమ్మ, పచ్చి ఆపిల్ లాంటిది వస్తుంది. ఇంకాసేపటికి బేకరీలో బన్నుల ట్రే బయటికి తీసినప్పటి వాసన తగలాలి. అది కలిపింది కాదు. షాంపేన్ రెండోసారి పులిసేది సీసాలోనే. చక్కెర, ఈస్టు వేసి మూస్తారు. ఈస్టు పనైపోయాక చచ్చి అడుగున మడ్డిలా ఉండిపోతుంది. మామూలు రకాన్ని కనీసం 15 నెలలు, సంవత్సరం వేసి అమ్మేదాన్ని కనీసం 3 ఏళ్ళు సీసాలోనే ఉంచాలని అక్కడ చట్టం. ఆ మడ్డి మీద నానినకొద్దీ రొట్టె వాసన పెరుగుతుంది. తర్వాత మడ్డిని సీసా మెడలోకి దించి, గడ్డకట్టించి బయటికి తీసేస్తారు. డామ్ పెరిన్యాన్ అనే సన్యాసి ఇదంతా కనిపెట్టాడని కథలు చెబుతారు. ఆయన మంచి వైన్ చేసిన మాట నిజమే గానీ సీసాలో బుడగలు రావడం ఆయన రోజుల్లో తలనొప్పి, సీసాలు పేలిపోయేవి.

నీ పొగాకు ప్రశ్న నాకు నచ్చింది. ఎవరూ కలపలేదు. కొన్ని వాసనలు ద్రాక్ష నుంచి, కొన్ని పులియడం నుంచి, కొన్ని ఓక్ చెక్క పీపాల నుంచి వస్తాయి. లవంగంలో ఘాటిచ్చే యూజినాల్, వనిల్లాలో ఉండే వనిల్లిన్, రెండూ ఓక్ చెక్కలో ఉన్నాయి. షిరాజ్ అనే రెడ్‌లో మిరియాల వాసన వస్తుంది. 2008లో ఆస్ట్రేలియా వాళ్ళు తేల్చిందేమంటే, మిరియాల్లో ఉండే రొటండోన్ అనే పదార్థమే ఆ ద్రాక్ష తొక్కలోనూ ఉంది. అంటే అది పోలిక కూడా కాదు, అదే సరుకు. బ్లాక్ కరెంట్ నువ్వెప్పుడూ తిని ఉండవు, దాన్ని వదిలెయ్యి. నేరేడు పండు, పాత చందనం పెట్టె, తడిమన్ను, నీకు తెలిసినవాటిలో ఏది గుర్తొస్తే అది రాసుకో. మిర్చి యార్డులో టిక్కీ బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి విరిచి వాసన చూసి, తేమ ఉందో లేదో, కోల్డ్ స్టోరేజీ సరుకో కొత్త సరుకో చెప్పే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉండే ఉంటారు. అదే ముక్కు, సరుకు వేరు.

ఆ గదిలో అగరుబత్తి ఆర్పెయ్యండి. సెంటు కొట్టుకున్నవాళ్ళని ఫ్యాన్ కింద దూరంగా కూర్చోబెట్టండి. మేలో మల్లెపూలు వద్దనడానికి నాకు నోరు రాదు.

రుచి చూసేటప్పుడు గుక్కెడు నోట్లో పోసుకుని వెంటనే మింగకు. నాలుక మీద తిప్పి, పెదాలు కాస్త తెరిచి కొంచెం గాలి లోపలికి లాగు. గొంతు వెనకనుంచి ముక్కుకి వాసన ఎక్కుతుంది, మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం అదే. రెడ్‌లో చిగుళ్ళు పట్టేసినట్టుండే వగరు తొక్కల్లోని, గింజల్లోని టానిన్లది. అది ఉందని వైన్ చెడిపోయిందనుకోకు. మింగాక ఆ రుచి ఎంతసేపు నిలిచిందో చూడు. నా వరకు మంచి వైన్‌కీ మామూలు వైన్‌కీ తేడా అక్కడే తెలుస్తుంది.

తిండి. నీ మెనూ చూసి భయమేసింది. ఆల్కహాల్ కారాన్ని రెచ్చగొడుతుంది, గ్యాసు ఇంకా రెచ్చగొడుతుంది, టానిన్ల వగరు కారం మీద పడితే నోరంతా గరుకు. తేజ మిరపకాయలతో చేసిన వేపుడు పక్కన బోర్డో పెడితే రెండూ పోతాయి. షాంపేన్‌కి చేగోడీలు, జంతికలు, వేయించిన జీడిపప్పు, కారం లేకుండా ఉప్పూ పసుపుతో వేయించిన కొరమేను పెట్టు. నూనెనీ ఉప్పునీ ఆ పులుపు, బుడగలు శుభ్రంగా కడిగేస్తాయి. చేగోడీలు, షాంపేన్ అంటే నవ్వుతారు, తిన్నాక మాట్లాడమను. నాటుకోడి కారం తగ్గించి మిరియాలతో చేయించు, అది రెడ్‌తో నడుస్తుంది. గోంగూర మటన్ పులుపు ముందు ఆ రెడ్ చప్పబడిపోతుంది, దాన్ని అన్నంలోకి చివర్లో, మజ్జిగతో తినండి. గోంగూర మీద గౌరవంతోనే చెబుతున్నా.

బ్రాడీపేట డాక్టరమ్మ

స్టీవార్డు గారు చెప్పనివి నాలుగు మాటలు. మామగారికి అరవై దాటాయి అంటున్నారు. షుగరు మాత్రలు వాడుతుంటే ఖాళీ కడుపుతో అస్సలు వద్దు, కొన్ని రకాల మాత్రలతో షుగరు బాగా పడిపోతుంది. నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ కోర్సు నడుస్తున్నవాళ్ళకి గ్లాసు ఇవ్వకండి. షాంపేన్ సుమారు 12 శాతం, సోడాలా దిగుతుంది కాబట్టి లెక్క తెలీదు. గుండెకి మంచిదని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మొద్దు. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. తాగినవాళ్ళు ఆ రాత్రి బండి ముట్టుకోవద్దు. ఇంతే, ఎంజాయ్ చెయ్యండి.

కొరిటెపాడు కుర్రాడు

స్టీవార్డు అన్నా, చాలా థాంక్స్. డాక్టరమ్మ గారూ, మామగారికి బీపీ ఒకటే, డాక్టరుని అడిగే ఇస్తాం. మా ఆవిడ చేగోడీల మాట విని ఒకటే నవ్వు. ఇంకో ప్రశ్న. ఒకేసారి ఖరీదైనవాటి మీద పడకుండా ముందు తక్కువ ధరలో దేశీ వైన్‌తో ముక్కుకి ప్రాక్టీసు ఇద్దామని ఉంది. ఏది కొనాలి?

పటమట స్టీవార్డు

మంచి ఆలోచన. నాసిక్ నుంచి వచ్చే సొవిన్యాన్ బ్లాంక్ అనే వైట్ ఒకటి, షిరాజ్ ఒకటి తెచ్చుకో. 1999లో రాజీవ్ సామంత్ నాసిక్‌లో సూలా వైన్ కంపెనీ పెట్టాక ఈ ద్రాక్ష రకాలు అక్కడ బాగా పాకాయి. సొవిన్యాన్ బ్లాంక్ పోసుకుని, పక్కన ఒక పచ్చి క్యాప్సికం ముక్క, దోర జామకాయ ముక్క పెట్టుకుని మార్చి మార్చి వాసన చూడు. షిరాజ్ పక్కన దంచిన మిరియాలు. ముక్కుకి ఇంతకన్నా మంచి ట్యూషన్ లేదు. బుడగలు కావాలంటే నాసిక్ దగ్గర దిండోరిలో షాందాన్ వాళ్ళు చేస్తారు. షాంపేన్ లాగే సీసాలో రెండోసారి పులియబెట్టిందే, కానీ ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో చేసింది కాదు కాబట్టి లేబుల్ మీద షాంపేన్ అని వెయ్యకూడదు. మనవాళ్ళని కూడా చూడాలంటే క్రిష్మా ఉంది. గ్రాన్యూల్స్ మందుల కంపెనీ చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకలో హంపీ కొండల దగ్గర వేసిన తోట. వాళ్ళ కాబెర్నె ద్రాక్ష రెడ్ తాగితే నీ బోర్డోకి రిహార్సల్ అవుతుంది, బోర్డోలో కూడా ఆ ద్రాక్ష చాలా వాడతారు.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. షాపు ముందు అద్దంలో ఎండ తగిలే అరలో నెలల తరబడి నిలబెట్టిన సీసా ఊరికే ఇచ్చినా వద్దు. కార్కు మూతికి పైకి పొడుచుకొచ్చినా, పక్కన జిగురుగా కారిన మరక ఉన్నా వేడికి ఉడికిపోయిందని అర్థం. ఉడికిన వైన్ కాచిన జామ్ వాసన వేస్తుంది. లోపల ఏసీలో ఉన్న స్టాకు అడుగు. తిప్పుడు మూత ఉందని చవకరకం అనుకోకు, మన ఎండలకి అదే నయం.

బందరు రోడ్డు

గుడ్డ చుట్టి పోస్తే నేను కూడా వస్తా. రొయ్యలు నా వంతు.

కొరిటెపాడు కుర్రాడు

ఆదివారం అయింది. షాంపేన్ ఉస్సుమని తెరుచుకుంది, ఒక్క చుక్క పోలేదు. బన్ను వాసన నాకన్నా ముందు మా మరదలికి తెలిసింది, మామగారైతే వేయించిన జీడిపప్పు వాసన అన్నారు. చేగోడీల డబ్బా గోంగూర మటన్ రాకముందే ఖాళీ. బందరు రోడ్డు గారి రొయ్యలు కారం లేకుండా చేసినందుకు మాత్రం ఆయన అలిగారు.

రెడ్ దగ్గరే తేడా కొట్టింది. చెప్పినట్టే చల్లబరిచాం. పోసి వాసన చూస్తే వానకి తడిసి ఆరని అట్టపెట్టె వాసన. పండు వాసన ఏమీ లేదు. గంటసేపు గ్లాసులో ఉంచినా పోలేదు, ఇంకా పెరిగింది. మాకు అర్థం కాలేదేమో అనుకుని ఎవరూ నోరెత్తలేదు, చివరికి మా ఆవిడే అంది, ఇది మూలన పడేసిన గోనెసంచి వాసన అని. ఇది మా లోపమా, సీసాదా?

పటమట స్టీవార్డు

సీసాదే. మీ ఆవిడ ముక్కు బంగారం. దాన్ని కార్కు పట్టడం అంటారు. కార్కు బెరడులో బూజు, క్లోరిన్ కలిసి టీసీఏ అనే పదార్థం తయారవుతుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా చాలు, పండు వాసనంతా చంపేసి తడి అట్టపెట్టె వాసన తెస్తుంది. ఒంటికి హాని లేదు. నువ్వు దాచిన తీరుకీ, మన ఎండకీ, సీసా ధరకీ దీనితో సంబంధం లేదు. వెయ్యి రూపాయల వైన్‌కీ వస్తుంది, లక్ష రూపాయల దానికీ వస్తుంది. పెద్ద హోటల్లో సీసా తెరిచి ముందు ఒక గుక్క పోసి నీ మొహం చూస్తారే, అది నీకు నచ్చిందా లేదా అని అడగడానికి కాదు, ఇలా చెడిందేమో చూసి చెప్పమని. చెడితే సీసా మార్చి ఇవ్వాలి. షిప్పులో నేను పొయ్యకముందే వాసన చూసి ఎన్నో వెనక్కి పంపాను. మీ బావమరిది దగ్గర బిల్లు ఉంటే కొన్న చోట ఒక మెయిల్ పెట్టి చూడమను, కొందరు మర్యాదగా డబ్బు తిరిగిస్తారు.

ఒక్క చిన్న సీసాడు పక్కన తీసి గట్టిగా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. ఓ వారంపాటు అప్పుడప్పుడూ ఇంట్లో అందరికీ వాసన చూపించు. మళ్ళీ ఎక్కడ తగిలినా ఇట్టే పట్టేస్తారు.

కొరిటెపాడు కుర్రాడు

సరే అన్నా. మిగిలింది పారబొయ్యడం ఎందుకు, మటన్ కూరలో వేసి ఉడికిస్తానంటోంది మా అత్తగారు. వెయ్యొచ్చా?

పటమట స్టీవార్డు

వద్దని చెప్పు. ఉడికించినా ఆ వాసన పోదు, మటన్ కూడా పోతుంది.